గొంతు పోయాక మొదలైన నటి

పోయిన సంచికలో వేరే ప్రశ్నకు జవాబు చెబుతూ పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ రంగస్థల నటి షార్లెట్ కుష్మన్ పేరు మాటవరసకి ఎత్తాను. పాట పాడటానికి వచ్చి, గొంతు పాడైపోయి, ఆ తర్వాతే నటి అయిందని ఒక్క ముక్క రాసి వదిలేశాను. అలా వదిలేస్తే ఎలా అని చాలామంది రాశారు. నిజమే, అలా వదిలేయాల్సిన మనిషి కాదు. ఈసారి పేజీ మొత్తం ఆమెకే ఇస్తున్నాను.

ప్రశ్న: పాడే మనిషి నటి ఎలా అయింది? గొంతు పోవడం అంటే అసలు ఏం జరిగింది?
– పాఠకురాలు, తెనాలి

జవాబు: షార్లెట్ 1816 జూలై 23న బోస్టన్‌లో పుట్టింది. తండ్రి వ్యాపారి. వ్యాపారం దెబ్బతిని ఇల్లు గడవటం కష్టమైతే తల్లి ఇంట్లోనే డబ్బుకి మనుషుల్ని పెట్టుకుని బస, భోజనం చూసేది. పిల్లల్లో షార్లెట్ పెద్దది, పదమూడో ఏటే చదువు ఆగిపోయింది. ఆ ఇంటికి మిగిలిన ఆస్తి ఏదైనా ఉందంటే ఈ పిల్ల గొంతే. కింది స్థాయిలో నిండుగా, బరువుగా పలికే గొంతు. చర్చిలో పాడేది, తర్వాత గురువుల దగ్గర నేర్చుకుంది, 1835 ఏప్రిల్‌లో బోస్టన్ ట్రెమాంట్ థియేటర్లో మోజార్ట్ ఒపెరా 'ది మ్యారేజ్ ఆఫ్ ఫిగారో'లో కౌంటెస్‌గా మొదటిసారి స్టేజీ ఎక్కింది. అప్పటికి పంతొమ్మిది నిండలేదు.

ఆ ఏడాది చివర్లో న్యూ ఓర్లిన్స్ వెళ్లింది. అక్కడే దెబ్బ తగిలింది. అది చాలా పెద్ద హాలు, ఆమెతో పాడించినవేమో పైస్థాయి పాటలు. తనది కాని శృతిలో రోజూ పాడితే ఏమవుతుందో సంగీతం తెలిసిన ఇళ్లల్లో చెప్పక్కర్లేదు. కొన్ని నెలల్లో పైస్థాయి పూర్తిగా పాడైపోయింది. ఇంటికి దూరంగా, ఊరుకాని ఊళ్లో, తల్లికి డబ్బు పంపాల్సిన పిల్ల. థియేటర్ నడిపే కాల్డ్‌వెల్ 'నువ్వు పాటకి పనికిరావు, నటన నేర్చుకో' అని చెప్పి బార్టన్ అనే నటుడికి అప్పగించాడు. బార్టన్ తన బెనిఫిట్ రాత్రికి (ఆ రోజుల్లో బెనిఫిట్ అంటే ఆ రాత్రి వసూళ్లు ఒక నటుడికే ఇచ్చేయడం, మన సినిమా బెనిఫిట్ షో లాంటిది కాదు) షేక్‌స్పియర్ నాటకం 'మాక్బెత్'లో లేడీ మాక్బెత్ వేషం వేస్తావా అని అడిగాడు. వేస్తానంది. అటక గదిలో నేల మీద కూర్చుని మాటలు బట్టీ పట్టింది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ముందుకి పోలేను. అప్పట్లో వేషానికి కావాల్సిన బట్టలు నటులే తెచ్చుకోవాలి. ఈ పిల్ల దగ్గర లేడీ మాక్బెత్‌కి సరిపడే గుడ్డముక్క లేదు. చెబితే వేషం పోతుందని భయపడి ఆట రోజు దాకా నోరు మెదపలేదు. చివరికి చెప్పక తప్పలేదు. కాల్డ్‌వెల్ చీటీ రాసిచ్చి, అదే ఊళ్లో ఫ్రెంచి థియేటర్లో ఉన్న మదామ్ క్లోజెల్ దగ్గరికి పంపాడు. ఆవిడ గొప్ప నటి, కానీ ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలకు మించదు, బాగా లావు. షార్లెట్ ఐదడుగుల ఆరంగుళాలు, పుల్లలా ఉండేది. తన బట్టలు ఈ పిల్లకి తొడగడం అనేసరికి ఆవిడకి పగలబడి నవ్వొచ్చింది. నవ్వి ఊరుకోలేదు. పిల్ల మొహం చూసింది, తనే కూర్చుంది. ఒక గౌనుకి కింద అతుకు వేసి పొడుగు పెంచి లోపావడాగా మార్చింది, ఇంకో గౌనుని అన్ని వైపులా కుట్లేసి నడుముకి సరిపడేలా లోపలికి లాగి పైవేషం చేసింది. ఆ అరువు బట్టల్లోనే 1836లో షార్లెట్ మొదటిసారి లేడీ మాక్బెత్‌గా స్టేజీ మీద నిలబడింది. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత న్యూయార్క్‌లో వీడ్కోలు నాటకానికి కూడా అదే పాత్ర వేసింది. ఈ కథంతా తనే చెప్పుకుంది.

ప్రశ్న: న్యూ ఓర్లిన్స్‌లో హిట్ అయ్యాక దశ తిరిగినట్టేనా?
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: లేదండీ, ఇంకో తొమ్మిదేళ్లదాకా పట్టింది. అదే ఏడాది న్యూయార్క్‌లో బవరీ థియేటర్లో చేరింది. బట్టలకి అప్పు ఇప్పించి, వారం వారం జీతంలోంచి కోసుకునేలా ఒప్పందం. కొద్ది రోజులకే ఆ థియేటర్ కాలిపోయింది, కొత్త బట్టలన్నీ బూడిదయ్యాయి. తర్వాత పార్క్ థియేటర్లో వారానికి 20 డాలర్లకి కుదిరి, ఏ వేషం ఇస్తే ఆ వేషం వేసింది.

ఆ చాకిరీలోనే మెగ్ మెరిలీస్ దొరికింది. వాల్టర్ స్కాట్ నవల మీద కట్టిన నాటకంలో ముసలి జిప్సీ స్త్రీ, చిన్న వేషం. వేయాల్సిన నటికి ఒంట్లో బాగాలేకపోతే ఈమెని తోశారు. పక్కన నిలబడి తన వంతు కోసం చూస్తుంటే, స్టేజీ మీద ఇద్దరు జిప్సీలు మాట్లాడుకుంటున్నారు, మెగ్ ఇదివరకటి మనిషి కాదని, దానికి మతి సరిగ్గా లేదని. ఆ ఒక్క మాట పట్టుకుంది. మతి తప్పిన ముసలిది, అయినా గుంపు మొత్తాన్ని గుప్పిట్లో పెట్టుకున్నది ఎలా ఉంటుంది? ఒక్క ఉదుటున స్టేజీ మధ్యకి దూసుకొచ్చి, కర్ర పట్టుకుని, మాట లేకుండా రాయిలా నిలబడిపోయింది. హాలు బిగుసుకుపోయింది. అప్పటికి ఆమె ఇంకా ఇరవైల్లోనే ఉంది. ఆ తర్వాత జీవితాంతం ఆ ముసలిదాన్ని అడుగుతూనే ఉన్నారు జనం. గంటలకొద్దీ మేకప్ వేసుకుని ముడతలు గీసుకునేది.

నాకు అనిపించేది ఒకటే. ఒపెరాకి పనికిరాదని పక్కన పెట్టిన ఆ బొంగురు, ఆ కింది స్థాయే మెగ్‌కి ప్రాణం పోసింది. గొంతు బాగుండి ఉంటే ఓ మోస్తరు గాయనిగా మిగిలిపోయేదేమో.

ప్రశ్న: ఆడమనిషి రోమియో వేసిందని చదివాను. మన స్థానం నరసింహారావు గారు సత్యభామ వేసినట్టేనా?
– పాఠకుడు, బాపట్ల

జవాబు: స్థానం వారి ఊరి నుంచే ఈ ప్రశ్న రావడం నాకు చాలా సంతోషం. పోలిక బాగుంది, కానీ కారణాలు వేరు. మన దగ్గర మగవాళ్లు స్త్రీ వేషాలు కట్టడానికి పెద్ద కారణం, మర్యాదస్తుల ఇళ్ల ఆడవాళ్లు స్టేజీ ఎక్కకూడదనే కట్టుబాటు. ఇంగ్లండులో 1660ల నుంచే ఆడవాళ్లు నాటకాలు ఆడుతున్నారు. షార్లెట్ నాటికి రోమియో వేయడానికి మగవాళ్లు కావాల్సినంత మంది ఉన్నారు. అయినా వేసింది. ఆడవాళ్లు ప్యాంటు వేసుకుని మగ వేషం కట్టడం అప్పుడు కొత్తేం కాదు, కాకపోతే చాలాసార్లు అది వాళ్ల కాళ్లు చూడటానికి వచ్చే జనం కోసం. ఈమె ఆ పని చేయలేదు.

1844లో ఆమె లండన్‌కి ఓడెక్కింది. ముందు ఏడాది అమెరికా వచ్చిన ఇంగ్లిష్ మహానటుడు మెక్రీడీ పక్కన మాక్బెత్‌లో నటించి, ఆయన్ని చూశాక తనకింకా ఎంత రాదో అర్థమై బయల్దేరింది. 1845 ఫిబ్రవరిలో ప్రిన్సెస్ థియేటర్లో ఒక్క రాత్రిలో లండన్ ఆమెకి వశమైంది. ఆ ఏడాది చివర్లో హేమార్కెట్ థియేటర్లో రోమియో. జూలియట్ ఎవరనుకున్నారు, సొంత చెల్లెలు సూసన్. ఆ అమ్మాయిది ఇంకో కథ, పద్నాలుగో ఏట పెద్ద వయసు మనిషికిచ్చి పెళ్లి చేశారు, అతను చంటిబిడ్డతో సహా వదిలేసి పోయాడు. అక్కే తీసుకొచ్చి నాటకం నేర్పి నిలబెట్టింది.

అప్పటిదాకా లండన్ స్టేజీ మీద పద్దెనిమిదో శతాబ్దపు నటుడు గారిక్ మార్చిరాసిన రోమియో జూలియట్ ఆడేవాళ్లు. షార్లెట్ పట్టుబట్టి షేక్‌స్పియర్ రాసిందే ఆడదాం అంది. అక్కడి నటులు సణిగారు, అమెరికా నుంచి వచ్చినవాళ్లు మనకి షేక్‌స్పియర్ నేర్పడమేంటని. నాటకం ఎనభై రాత్రులు ఆడింది.

ప్రశ్న: మగ వేషం వేసినందుకు ఎవరూ గొడవ చేయలేదా?
– పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: వెక్కిరించేవాళ్లు అన్ని చోట్లా ఉంటారు కదమ్మా. 1851లో బోస్టన్‌లో, ఆమె సొంత ఊళ్లో, రోమియో ఆడుతోంది. ప్రేమ సన్నివేశం నడుస్తుండగా హాల్లోంచి ఒకడు గట్టిగా తుమ్మాడు. మన దగ్గర తుమ్మితే ఓ నిమిషం ఆగి మళ్లీ మొదలుపెడతాం, ఇది ఆ తుమ్ము కాదు, కావాలని చేసిన ఎగతాళి. షార్లెట్ మాట ఆపేసింది. జూలియట్ చెయ్యి పట్టుకుని మెల్లగా లోపలికి తీసుకెళ్లి దింపి, ఒక్కతే వెనక్కి వచ్చి స్టేజీ ముందు నిలబడి, ఆ మనిషిని ఎవరో ఒక మగాడు బయటికి పంపాలి, లేదంటే నేనే ఆ పని చేయాల్సి వస్తుంది అంది. జనమే వాణ్ణి లేపి బయటికి నెట్టారు. ఆమెకి చప్పట్లు కొట్టారు. లోపలికెళ్లి జూలియట్‌ని తీసుకొచ్చి ఆపిన చోట అందుకుంది. నాటకం మధ్యలో ఈలలేసే వాళ్లని భరించిన ప్రతి నటికీ ఈ సంగతి తెలియాలని నా కోరిక.

ప్రశ్న: లింకన్ ఆమె నాటకం చూశాడా?
– పాఠకుడు, వరంగల్

జవాబు: చూశాడు. 1863 అక్టోబరులో వాషింగ్టన్‌లోని గ్రోవర్స్ థియేటర్లో, మాక్బెత్. ఆయనకి ఆ నాటకమంటే ప్రాణం. అంతర్యుద్ధం జోరుగా నడుస్తున్న రోజులు. అప్పటికి రోమ్‌లో ఉంటున్న షార్లెట్ సముద్రం దాటి వచ్చి ఐదు నగరాల్లో ఆడి, వచ్చిన 8 వేల డాలర్లకు పైగా సొమ్మంతా గాయపడిన సైనికుల సేవకి ఇచ్చేసింది.

ప్రశ్న: రిటైరవుతున్నానని చెప్పి మళ్లీ మళ్లీ వచ్చేదట కదా, అది ప్రేక్షకుల్ని మోసం చేయడం కాదా?
– పాఠకుడు, అనంతపురం

జవాబు: 1852లో మొదటిసారి వీడ్కోలు చెప్పిన మాట నిజం, తర్వాత చాలాసార్లు తిరిగొచ్చిన మాటా నిజం. అప్పటి పత్రికలూ మీలాగే అన్నాయి. నేను మాత్రం తప్పు పట్టలేను. 1869లో ఆమెకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది, ఎడిన్‌బరాలో ఆపరేషన్ అయింది, మళ్లీ తిరగబెట్టింది. ఆ నొప్పితోనే ఊరూరా తిరిగి నాటకాలు, కుర్చీలో కూర్చుని నాటక పఠనాలు చేసింది. పని ఉన్నంతసేపూ నొప్పి గుర్తుండదని నమ్మిన మనిషిని ఇంట్లో కూర్చోమని ఎలా అంటాం? 1874 నవంబరు 7న న్యూయార్క్ బూత్స్ థియేటర్లో లేడీ మాక్బెత్‌గా సెలవు తీసుకుంది. కవి బ్రయంట్ స్వయంగా సత్కరించాడు. కాగడాలు పట్టుకున్న జనం హోటల్ దాకా సాగనంపారు. 1876 ఫిబ్రవరి 18న బోస్టన్‌లో కన్నుమూసింది. పద్నాలుగేళ్లప్పుడు ఆమె దగ్గర పనికి చేరిన నల్లజాతి అమ్మాయి శాలీ మెర్సర్ ఆ చివరి రోజుల దాకా వెంటే ఉంది. ఏ వేషానికి ఏ బట్ట, ఏ ఊళ్లో ఏ బస, అన్నీ శాలీ చేతుల మీదే నడిచాయి.

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేడేళ్లు. పోటీల కోసం శృతి పెంచి పాడీ పాడీ రెండు నెలలుగా గొంతు బొంగురుగా ఉంది. ఇంట్లో ఒకటే టెన్షన్. తనూ షార్లెట్ లాగా నాటకాల వైపు వెళ్లొచ్చా?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, నాటకాల సంగతి తర్వాత. మూడు వారాలు దాటి గొంతు బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాలి, మీకు రెండు నెలలైంది. ఈ వారమే తీసుకెళ్లండి. మిరియాల కషాయాలతో సరిపెట్టకండి. డాక్టరు పాడొద్దంటే పోటీ ఉన్నా మానిపించండి. షార్లెట్‌కి ఆ రోజుల్లో చూపించుకోవడానికి దిక్కు లేదు, మీ అమ్మాయికి ఉంది. గొంతు కుదుటపడ్డాక తన శృతి ఎంతో అంతలోనే పాడించే గురువుని వెతకండి. నాటకం మీద నిజంగా ఇష్టముంటే అప్పుడు మళ్లీ రాయండి, మాట్లాడుకుందాం.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. ఆమెకి సంబంధించింది ఏదైనా చూడొచ్చా?
– పాఠకురాలు, అమెరికా

జవాబు: ఆమె గొంతు రికార్డు లేదు, కదిలే బొమ్మ లేదు. ఆ యంత్రాలు రాకముందే వెళ్లిపోయింది. కానీ మీకు దగ్గర్లోనే ఒకటుంది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో బెథెస్డా ఫౌంటెన్ మీద రెక్కలు విప్పిన కంచు దేవత ఉంటుంది చూడండి, ఒక చేతిలో లిల్లీ పువ్వు, రెండో చెయ్యి నీళ్ల మీదికి చాచి. దాన్ని చెక్కింది ఎమ్మా స్టెబిన్స్. రోమ్‌లో మొదలై షార్లెట్ చివరి శ్వాస దాకా దాదాపు ఇరవై ఏళ్లు ఆమెతో జీవితం పంచుకున్న మనిషి. క్రోటన్ నది నుంచి నగరానికి మంచినీళ్లు వచ్చిన గుర్తుగా పెట్టిన ఆ బొమ్మని 1873లో ఆవిష్కరించారు. షార్లెట్ జబ్బు పడ్డాక ఎమ్మా ఉలి పక్కన పెట్టేసి ఆమెకి సేవ చేసింది, పోయాక ఆమె ఉత్తరాలు, జ్ఞాపకాలు పోగేసి పుస్తకం వేసింది. న్యూ ఓర్లిన్స్ గౌను కథ మనదాకా వచ్చింది ఆ పుస్తకం వల్లే.

వెళ్తే పొద్దున్నే వెళ్లండి, జనం తక్కువగా ఉంటారు. ఫొటో తీస్తే మాకూ పంపండి.