మొక్కిందొకరు, తీర్చేదొకరా?

మతం చెప్పిన నీతి కాలంతో పాటు మారాలా, మారితే ఇంక దాన్ని మతం అనొచ్చా అని అడిగారు. పుస్తకాల సంగతి తర్వాత, ముందు మా పెద్దమ్మ సంగతి చెబుతాను.

మాది మక్తల్ దగ్గర పల్లె. అప్పటి మహబూబ్‌నగర్, ఇప్పుడు నారాయణపేట జిల్లా. మా అమ్మ వాళ్ల నాయనకు ఇద్దరు మగపిల్లలు వరసగా పురిట్లోనే పోయారు. మూడోవాడు బతికితే పెద్దబిడ్డను ఎల్లమ్మకు విడుస్తానని మొక్కుకున్నాడు. మా మేనమామ బతికాడు. పెద్దమ్మకు ఏడేళ్లప్పుడు గుడి ముందు తాళి కట్టించి జోగినిని చేశారు. మొక్కు తీర్చకపోతే పాపం, తీర్చడం ధర్మం. ఊళ్లో ఒక్కరూ తప్పనలేదు. పేరుకు దేవుడి పెళ్లాం, ఈడొచ్చాక పెత్తనం మాత్రం ఊరి పెద్దలది. జాతరల్లో ఆడాలి, శవాల ముందూ ఆడాలి. కొడుకును బడిలో వేసేటప్పుడు తండ్రి పేరు దగ్గర సారు కలం ఆగిపోయిందట. చివరికి తాత పేరే రాయించారు. కాగితాల ప్రకారం మా అన్న ఇప్పటికీ తన తల్లికి తమ్ముడే.

1988లో ఈ జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. మా ఊరి దాకా రావడానికి దానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

అన్న బిడ్డకు నాలుగేళ్లప్పుడు ఫిట్స్ మొదలయ్యాయి. "తల్లి అడుగుతున్నది, పిల్లను విడువుండ్రి" అన్నాడు ఒక పెద్దమనిషి. నేను అక్కడే ఉన్నాను. కేసు, జైలు అని గొంతు పెంచబోతే పెద్దమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. "మొక్కినోడే తీర్చాలె. మా నాయన మొక్కిండు, నేను తీర్చిన. అదెక్కడి లెక్క? నీకంత భక్తి ఉంటే నీ బిడ్డను విడువు" అంది. ఆయన కండువా దులుపుకొని లేచిపోయాడు. ఆ రాత్రే పిల్లను మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం.

నేను తెచ్చుకున్న చట్టం ఆ వాకిట్లో పని చేసేది కాదేమో. ఆమె మాట పని చేసింది, ఎందుకంటే అది ఆయన నమ్మే మాటే. ఎవరి మొక్కు వాళ్లే తీర్చుకోవాలని మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఇక పుస్తకాల్లో కూడా, కృతయుగానికి మనువు చెప్పిన ధర్మం, కలియుగానికి పరాశరుడు చెప్పిన ధర్మం అని పరాశర స్మృతిలోనే ఉంది. యుగాన్ని బట్టి ధర్మం మారుతుందని అంత పాత గ్రంథమే ఒప్పుకుంది. ఏదీ మారకూడదని వాదించేవాళ్లు ఆ శ్లోకం దగ్గర ఎందుకో పేజీ తిప్పేస్తారు.

అట్లాగని 'కాలంతో పాటు మారాలి' అనే మాటకు కూడా నేను గుడ్డిగా తల ఊపను. మా నాయనమ్మను చేసుకునేటప్పుడు మగపెళ్లివాళ్లే ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకున్నారు. మా చెల్లె పెళ్లికి మేము కట్నం కోసం ఎకరం అమ్ముకున్నాం. 1961 నుంచీ కట్నం నేరమే. దాన్ని మా ఇంటికి తెచ్చింది ఏ శాస్త్రమూ కాదు, కాలమే. అందుకే పాతదా కొత్తదా అని నేను చూడను. ఒకరి పుణ్యానికి ఇంకెవరి ఒళ్లు, ఎవరి బతుకు ఖర్చవుతున్నదో చూస్తాను. ఒక ఆచారం అట్లా ఇంకొకరి బతుకును ఖర్చు పెట్టించేదైతే ఎన్ని వందల ఏళ్లదైనా పోవాల్సిందే. దసరా నాడు జమ్మి పెట్టి పెద్దల కాళ్లు మొక్కడం లాంటివి ఎవరినీ ఏమీ అడగవు, అవి ఉండనీ.

మారితే మతం మిగులుతుందా అన్నారు కదా. పెద్దమ్మకు డెబ్బై దాటాయి. మంగళవారం ఎల్లమ్మ గుడి ఊడ్చి దీపం పెట్టేది ఇప్పటికీ ఆమే. మనవరాలు డిగ్రీ రెండో సంవత్సరం. పోయినేడు ఆ పిల్లే బోనం ఎత్తుకుంది. పెద్దమ్మ డప్పుల వెనక మాతో పాటు నడిచింది. ఆడలేదు. ఆడమని ఎవరూ అడగలేదు కూడా.