గ్రాండ్ నేషనల్ గుర్రప్పందెం టీవీ చానల్ ఎందుకు మారుతూ వచ్చింది?

ప్రసార హక్కులు శాశ్వతంగా అమ్మరు, కొన్నేళ్ల గడువుకే ఇస్తారు. గడువు తీరితే మళ్లీ పోటీ, అందుకే చానల్ మారుతుంది.

ఒంగోలు వైపు ఎడ్ల బండలాగుడు పోటీల్లో లైవ్ ఎవరికివ్వాలన్నది కమిటీ చేతిలో ఉన్నట్టే, ఇంగ్లండులో హక్కులు రేసుకోర్సుల చేతిలో ఉంటాయి. లివర్‌పూల్ దగ్గర ఎయిన్‌ట్రీలో జరిగే ఈ పందేన్నే చూడండి: 2012 దాకా బీబీసీ, 2013 నుంచి 2016 దాకా చానల్ 4, 2017 నుంచి ఐటీవీ. పందెం పది నిమిషాల లోపే అయిపోతుంది గానీ చూపించడం తేలిక కాదు. మైదానం రెండు చుట్లు, 30 కంచెలు దూకాలి, గుర్రాల పక్కనే కెమెరా కారు పరుగెత్తాలి. ఆ ఖర్చంతా లెక్కేసుకునే చానళ్లు ధర చెబుతాయి.

ఎక్కువ డబ్బు చెప్పినవాళ్లకే హక్కు అనుకుంటారు చాలామంది. అది సగమే నిజం. ఉచిత చానల్లో జనం ఎక్కువ చూస్తారు, స్పాన్సర్లు అది చూసే వస్తారు, కాబట్టి రేసుకోర్సులు వీక్షకుల సంఖ్యనూ తూకం వేస్తాయి. బెట్టింగ్ షాపులకు వెళ్లే ప్రసారం హక్కు వేరు, దాని బేరమూ వేరు. పైగా హక్కులు దేశాలవారీగా అమ్ముతారు. ఐటీవీ కొన్నది బ్రిటన్‌కే, నెల్లూరులో చూడాలంటే భారత్ హక్కు ఎవరైనా విడిగా కొనాలి.