యాసంగి మొక్కజొన్నకు డిగ్రీ-డే లెక్క: ఒకే గణాంకాలతో ఇద్దరికి రెండు మొత్తాలు ఎందుకు వస్తాయి?

మీ ప్రశ్నలో రెండు సంగతులు ఉన్నాయి. ఆదిలాబాద్ వైపున్న ఒకే వాతావరణ కేంద్రం గణాంకాలతో, ఒకే సూత్రంతో లెక్కించినా యాసంగి మొక్కజొన్నకు డిగ్రీ-డేల (పంట ఎదుగుదలకు రోజూ అందిన వేడిని కూడి చెప్పే అంకె) విషయంలో మీకు వచ్చిన మొత్తానికీ మీ సీనియర్‌కు వచ్చిన మొత్తానికీ పొంతన ఎందుకు కుదరడం లేదన్నది మొదటిది. ఏడాదిలో ఎక్కువ భాగం వేడిగానే ఉండే మన ప్రాంతంలో అసలు ఈ నమూనాతో పనేముందన్నది రెండోది. ఉత్తర తెలంగాణలో పంట సలహాల పనిలో కొన్నేళ్లుగా ఈ లెక్కలు వాడుతున్నాను కనుక, ఆ అనుభవంతో జవాబిస్తున్నాను.

సూత్రం చిన్నదే. రోజు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటులోంచి, ఏ ఉష్ణోగ్రతకు దిగువన పంట ఎదుగుదల ఆగిపోతుందో ఆ దిగువ హద్దును తీసివేస్తాం. మిగిలినవే ఆ రోజు డిగ్రీ-డే యూనిట్లు, వాటిని రోజురోజుకూ కూడుతూ పోతాం. మొక్కజొన్నకు దానిని సాధారణంగా 10 డిగ్రీలుగా తీసుకుంటారు. చిక్కంతా కనిష్ఠం ఆ హద్దు దాటి కిందికి పడిపోయిన రోజున వస్తుంది. ఆదిలాబాద్‌లో డిసెంబరు రాత్రులకు ఇది మామూలే. గరిష్ఠం 28, కనిష్ఠం 6 ఉన్న రోజును తీసుకోండి. నేరుగా సగటు కడితే 17, అందులో 10 పోగా 7 యూనిట్లు. అదే 6ను ముందుగా 10కి పెంచి సగటు కడితే 19, అంటే 9 యూనిట్లు. రెండు పద్ధతులూ ఒకే సూత్రం పేరుతోనే చలామణీలో ఉన్నాయి. ఈ గందరగోళాన్ని అమెరికాకు చెందిన మెక్‌మాస్టర్, విల్‌హెల్మ్ 1997లోనే ఒక వ్యాసంలో ఎత్తిచూపారు. అయినా నేటికీ చాలా థీసిస్‌లలో ఏ పద్ధతి వాడారో ఒక్క వాక్యం కూడా కనిపించదు. మీ ఇద్దరి ఎక్సెల్ షీట్లలో మొదట చూడవలసిన గడి ఇదే.

అయితే మన దగ్గర దిగువ హద్దు కంటే ఎగువ హద్దే ఎక్కువ దెబ్బ తీస్తుంది. మొక్కజొన్నకు 30 డిగ్రీలకు పైన ఎంత వేడి పెరిగినా ఎదుగుదల వేగం దానికి తగ్గట్టు పెరగదన్న అంచనాతో, గరిష్ఠం అంతకు మించితే 30గానే లెక్కలోకి తీసుకోవడం ఆనవాయితీ. మార్చిలో గరిష్ఠం 38, కనిష్ఠం 22 ఉన్న రోజుకు ఈ హద్దు పెట్టకపోతే 20 యూనిట్లు, పెడితే 16 వస్తాయి. రోజుకు 4 చొప్పున గింజ పాలుపోసుకునే దశ నుంచి కోత దాకా పోగైతే, లెక్క ప్రకారం పంట ముందే కోతకు వచ్చినట్టు కనబడుతుంది కానీ, పొలంలో గింజ ఇంకా పచ్చిగానే ఉంటుంది. మార్చి నెల మొత్తం మీది ఎక్కువగా ఉండి, డిసెంబరు మొత్తం ఆయనది ఎక్కువగా ఉంటే ఈ రెండు కారణాలూ కలిసి పనిచేశాయనే అనుకోవచ్చు.

దిగువ హద్దు పంటకో తీరుగా, పురుగుకో తీరుగా ఉంటుంది. పత్తికి అమెరికాలో వాడే హద్దు 15.5 డిగ్రీలు. హద్దును ఒక చోటి నుంచి, కావలసిన మొత్తం యూనిట్లను మరో చోటి నుంచి ఎప్పుడూ తీసుకోకండి. ఒకదానిని బట్టే రెండోది తేలుతుంది కనుక అవి జతగానే చెల్లుతాయి. మొక్కజొన్నను తినే కత్తెర పురుగు సంగతే చూడండి. గుడ్డు నుంచి రెక్కల పురుగు బయటికి వచ్చేదాకా సుమారు 391 యూనిట్లు కావాలని, దిగువ హద్దు 12.57 డిగ్రీలని దక్షిణాఫ్రికా పరిశోధకులు 2020లో ప్రచురించారు. ఆ 391ని పట్టుకుని, హద్దు మాత్రం మొక్కజొన్నదే కదా అని 10 పెడితే తరాల లెక్క తారుమారవుతుంది.

మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఈ పురుగులోనే ఉంది. పై జతతో లెక్కిస్తే సగటు ఉష్ణోగ్రత 20 డిగ్రీలున్న చలిరోజుల్లో ఒక తరానికి దాదాపు 53 రోజులు, 30 ఉంటే 22, 23 రోజులు పడతాయి. డిసెంబరులో లింగాకర్షక బుట్టల్లో (ఆడ పురుగు వాసనతో మగ పురుగులను రప్పించే ఉచ్చులు) మగ పురుగులు వరుసగా పడడం మొదలైన రోజును ఆరంభంగా తీసుకుని లెక్కిస్తే, మొక్క ఆకు సుడుల్లో పిల్ల పురుగుల కోసం ఏ వారంలో వెతకాలో రైతుకు చెప్పగలుగుతున్నాం. నెలవారీ క్యాలెండరుతో యాసంగిలో ఆ పని సాధ్యం కాదు. వానాకాలంలో మాత్రం సగటు ఉష్ణోగ్రత వారాల తరబడి పెద్దగా మారదు కనుక, రోజులు లెక్కపెట్టినా డిగ్రీ-డేలు లెక్కపెట్టినా ఇంచుమించు అదే ఫలితం వస్తుంది. అప్పుడు ఈ శ్రమ అనవసరమని నా అభిప్రాయం.

ఇక థర్మామీటరు సంగతి. కేంద్రంలో అది మనిషి ఛాతీ ఎత్తులో, నీడపట్టున, తెల్లటి పెట్టెలో ఉంటుంది. మొక్కజొన్నకేమో ఆరు ఆకులు వచ్చే వరకూ పెరిగే మొన మట్టిలోనే ఉంటుంది. ఆ కొద్ది వారాలూ మొక్క ఎదుగుదలను నడిపేది గాలి వేడి కంటే మట్టి వేడే. నిన్ననే తడి పెట్టిన చేను పక్కనున్న ఎండు చేను కంటే చల్లగా ఉండి, మొలక తేడాగా వచ్చినా మీ ఫైలులో రెండింటికీ ఒకే అంకె కనబడుతుంది. మొలక దశలో తేడా వస్తే మొదట సూత్రాన్ని అనుమానించకండి. వీలైతే అయిదు సెంటీమీటర్ల లోతున మట్టి ఉష్ణోగ్రత కొలవండి.

మీ థీసిస్‌లో రాబోయే దశాబ్దాల ఉష్ణోగ్రతలతో అంచనాలు కూడా వేస్తామన్నారు కనుక ఒక జాగ్రత్త. ఎగువ హద్దు లేని సరళ నమూనాకు రెండు డిగ్రీలు అదనంగా కలిపితే పంటకాలం ప్రతిసారీ తగ్గినట్టే చూపిస్తుంది. ఏప్రిల్ ఎండల్లో పుప్పొడి చచ్చి కండెలో గింజ కట్టకపోవడం దానికి తెలియదు, నీటి ఎద్దడి అంతకన్నా తెలియదు. గంటవారీ గణాంకాలు ఉంటే అవే వాడండి. లేనిపక్షంలో గరిష్ఠ, కనిష్ఠాల మధ్య అలలా సాగే సైన్ వక్రరేఖ గీసి లెక్కించే, 1969 నుంచీ వాడుకలో ఉన్న బాస్కర్‌విల్, ఎమిన్ పద్ధతి సగటు పద్ధతి కంటే మేలు.

మీ సీనియర్‌తో కూర్చున్నప్పుడు ఆరంభ తేదీని కూడా సరిచూడండి. పొడి దుక్కిలో విత్తి, కొన్ని రోజుల తరువాత మొదటి తడి ఇచ్చిన చేనుకు లెక్క మొదలవ్వవలసింది విత్తిన రోజు నుంచి కాదు, ఆ తడి ఇచ్చిన రోజు నుంచి.