కంపెనీ గ్రాంటు తీసుకునే ముందు – మా అక్క కూతురికి

అమ్మలూ,

కంపెనీ గ్రాంటు తీసుకోవాలా వద్దా అని అడిగావు కదా, తీసుకో. గవర్నమెంట్ ఫండ్స్ కోసమే కూర్చుంటే నీ పీహెచ్‌డీ అయ్యేసరికి నాకు తొంభై ఏళ్ళొస్తాయి. కాకపోతే సంతకం పెట్టేముందు పబ్లికేషన్ క్లాజు ఒకటికి రెండుసార్లు చదువు, రిజల్ట్ ఎటొచ్చినా పబ్లిష్ చేసే హక్కు మీదేనని ఉండాలి, "కంపెనీ అనుమతితో" అన్న ముక్క ఎక్కడైనా కనిపిస్తే కొట్టేయించు. ముందుగా ఒకసారి చూస్తాం అంటే చూడనీ, చూడటం వేరు ఆపటం వేరు.

డబ్బిచ్చినవాడు దొంగ లెక్కలు రాయిస్తాడని అందరూ భయపడతారు గానీ వాడికంత అవసరం రాదే. 1965లో అమెరికాలో షుగర్ రీసెర్చ్ ఫౌండేషన్ అని చక్కెర కంపెనీల సంఘం, గుండెజబ్బుకి చక్కెర కారణమా కొవ్వు కారణమా అని అప్పటిదాకా వచ్చిన స్టడీల మీద రివ్యూ రాయమని హార్వర్డ్ వాళ్ళకి 6,500 డాలర్లు ఇచ్చింది. పేపర్లు ఏరి పంపింది సంఘం మనిషి జాన్ హిక్సనే, డ్రాఫ్టులు తెప్పించుకుని చదివింది కూడా ఆయనే, చదివి మాకు కావాల్సింది సరిగ్గా ఇదే అని ఉత్తరం కూడా రాశాడు మహానుభావుడు! చక్కెరని తప్పుపట్టిన స్టడీల్లో లోపాలు భూతద్దం పెట్టి వెతికారు, కొవ్వుని తప్పుపట్టినవాటి దగ్గర చూసీచూడనట్టు పోయారు. 1967లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది, ఆ చక్కెర డబ్బు ఊసే లేదు. డబ్బెవరిచ్చారని అప్పట్లో ఆ జర్నల్ అడిగేది కాదులే, ఆ రూలు 1984లో వచ్చింది. రాసినవాళ్ళలో హెగ్‌స్టెడ్ అనే ఆయన తర్వాత అమెరికా వ్యవసాయ శాఖలోనే న్యూట్రిషన్ హెడ్ అయ్యాడు. ఈ ఉత్తరాల బాగోతం పేపర్‌గా బయటికొచ్చేసరికి 2016.

అందుకే చెప్తున్నా, ఏ ప్రశ్న అడగాలి, ఏ పేపర్లు తీసుకోవాలి, ఏవి వదిలెయ్యాలి, ఇవన్నీ డేటా ముట్టుకోకముందే మీరే రాసి పెట్టుకోండి. పేషెంట్లతో ట్రయల్ అయితే మొదటి పేషెంట్‌ని తీసుకోకముందే సీటీఆర్‌ఐలో, అదే మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీలో, రిజిస్టర్ చెయ్యండి. రా డేటా మీ దగ్గరే ఉండాలి, కంపెనీ వాళ్ళు గ్రాఫులు చేసి పంపిస్తాం మేడం అంటే థాంక్స్ చెప్పి వద్దను.

పేపర్ పంపేటప్పుడు జర్నల్ వాళ్ళు ఇచ్చే డిక్లరేషన్ ఫారంలో, కంపెనీలతో నీకున్న సంబంధాలు గత 36 నెలలవి అడుగుతారు. కన్సల్టెన్సీ, షేర్లు, కాన్ఫరెన్స్‌కి వాళ్ళు కొన్న ఫ్లైట్ టికెట్ అన్నీ రాసెయ్, చిన్నదా పెద్దదా అని తేల్చేది నువ్వు కాదు. నేను ఎథిక్స్ కమిటీలో ఉన్నప్పుడు చూశాగా, "నిల్" అని రాసి పక్కనే కంపెనీ పేరున్న పెన్ను పెట్టేవాళ్ళు.

రేపు గవర్నమెంట్ కమిటీకి పిలిస్తే ఇంకా జాగ్రత్త. మన భద్రాచలం వైపు 2009లో ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్ట్ జరిగి గొడవైంది గుర్తుందా, దాని మీద వేసిన విచారణ కమిటీలో సభ్యులకున్న కంపెనీ సంబంధాల సంగతిని 2013లో పార్లమెంటు స్టాండింగ్ కమిటీ లేవనెత్తింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే విషయం, విచారణ చేసేవాళ్ళ మీదే అనుమానం వస్తే వాళ్ళు నిజం చెప్పినా జనం నమ్మరు కదా. నీకున్న కంపెనీ సంబంధాలు అడక్కపోయినా రాసివ్వు, మినిట్స్‌లో ఎక్కించమను, ఆ కంపెనీ ఐటమ్ వచ్చినప్పుడు లేచి బయటికెళ్ళి టీ తాగు.

అగ్రిమెంట్ స్కాన్ పంపు, అనెక్షర్లతో సహా. అసలు మెలికలన్నీ అక్కడే పెడతారు.

పిన్ని