పాలస్తీనా కూలీలు చెక్‌పోస్టు కోసం అర్ధరాత్రే ఎందుకు బయలుదేరేవారు?

ఇజ్రాయెల్‌లో ఉదయం ఏడింటి పనికి ఈ కూలీలు రాత్రి రెండింటికే లేవడం దేనికని ఒకరు అడిగారు. దూరం వల్ల కాదు. ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్‌బ్యాంక్‌లోని బెత్లెహేం నుంచి జెరూసలేం పది కిలోమీటర్ల లోపే. మధ్యలోని ఇజ్రాయెల్ తనిఖీ కేంద్రం 'చెక్‌పాయింట్ 300' దాటడమే గండం.

హెబ్రాన్ వైపు పల్లెల నుంచి కూడా తాపీ మేస్త్రీలు, వడ్రంగులు అక్కడికే వచ్చేవారు. వెస్ట్‌బ్యాంక్‌ను వేరు చేస్తూ ఇజ్రాయెల్ కట్టిన గోడ పక్కన ఇరుకైన ఇనుప చువ్వల నడవ. మనిషి వెనక మనిషి. తోపులాటలో ఊపిరాడక కూలబడ్డవాళ్లున్నారు, చువ్వలెక్కి జనం పైనుంచి పాకినవాళ్లూ ఉన్నారు. తర్వాత తిరుగుడు గేటు. లోపలున్న ఇజ్రాయెల్ సిబ్బంది దాన్ని ఆపేస్తే మధ్యలో ఉన్న మనిషి అక్కడే ఇరుక్కుపోతాడు. అదీ దాటితే బెల్టు విప్పి స్కానర్, ఆపైన పర్మిట్ (ఇజ్రాయెల్ ఇచ్చే పని అనుమతి), మాగ్నెటిక్ కార్డు, వేలిముద్ర. సిమెంటు పనికి అరిగిన వేళ్లను యంత్రం గుర్తుపట్టకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. భద్రత కోసమే ఇదంతా అంటుంది ఇజ్రాయెల్. కానీ పర్మిట్ ఉన్నవాణ్ణి గంటల తరబడి అలా కుక్కి ఉంచడం ఏ భద్రతో నాకు అర్థం కాదు.

2019లో ఎలక్ట్రానిక్ గేట్లొచ్చాక దాటే సమయం బాగా తగ్గింది. పర్మిట్ కోసం దళారులకు నెలనెలా కట్టే బాధ మాత్రం పోలేదు. చాలామందికి అది నెలకు రెండు వేల షెకెళ్ల (ఇజ్రాయెల్ కరెన్సీ) పైమాటగానే ఉండేది.

2023 అక్టోబరు 7 తర్వాత వెస్ట్‌బ్యాంక్ కార్మికుల్లో అత్యధికుల పర్మిట్లు ఆగిపోయాయి. ఆ ఖాళీల్లోకి మనవాళ్లను తీసుకోవడానికి 2024లో హైదరాబాద్‌లోనూ ఎంపికలు జరిగాయి. ఉపాధి పోయిన పాలస్తీనీయుల్లో కొందరు ఇప్పుడు నిచ్చెనలతో, తాళ్లతో గోడ దాటుతూ తూటాలకు గురవుతున్నారు.