పాత మారుతి 800 వేడెక్కుతోందా? రేడియేటర్ కొనేముందు కోర్ చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: 2002 నాటి మారుతి 800, ఎండాకాలంలో టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది, మెకానిక్ రేడియేటర్ మార్చమంటున్నాడు. రాగిది మంచిదా, అల్యూమినియందా, కంపెనీదే వేయించాలా అని అడిగారు. ఇదే ప్రశ్న పట్టుకుని నేను రెండు వేసవులు తిరిగాను. మా నాన్నగారు 1998లో కొన్న 800 ఇప్పటికీ విజయవాడలో మా ఇంట్లోనే ఉంది, రోజూ తిరుగుతోంది. నేను తేల్చుకున్నది చెబుతాను: ఏ లోహం అన్నదానికంటే ముందు, ఆ కారు ఎప్పుడు వేడెక్కుతోందో చూసుకోవాలి. ఆ తర్వాత కొనే రేడియేటర్‌లో కోర్, అంటే నీరు పారే గొట్టాలు, వాటి మధ్య సన్నని రేకు రెక్కలు ఉండే నడిమి భాగం, ఎలా ఉందో చూడాలి.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముల్లు లేచి, కదలగానే దిగితే తప్పు సాధారణంగా గాలిది. ఫ్యాను తిరగడం లేదు, లేదా బలంగా తిరగడం లేదు. మా కారుకు ఒకసారి ఫ్యాను మోటారు బాగు చేయించాక తీగలు తారుమారుగా కలిపారు. ఫ్యాను జోరుగా తిరుగుతూనే ఉంది, కానీ గాలిని ఇంజను వైపు లాగడానికి బదులు ముందుకు ఊదుతోంది. ముందు జాలి దగ్గర ఒక కాగితం పెట్టి చూస్తే తెలిసిపోతుంది. కాగితం లోపలికి అతుక్కోవాలి. మాది ఎగిరి బయట పడింది. ఆ ఒక్క కాగితం ముందే పెట్టి ఉంటే నెల రోజుల తిప్పలు తప్పేవి.

ఊళ్లో బాగానే ఉండి, హైవే మీద వేగం పెరిగాక ముల్లు ఎక్కుతుంటే అప్పుడు రేడియేటర్‌ను అనుమానించండి. గొట్టాలు పూడిపోయి నీరు సరిగా పారడం లేదన్నమాట. బోరు నీళ్లు పోసిన కార్లకు ఇది తప్పదు. నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లని పెచ్చే, సన్నని రేడియేటర్ గొట్టాల్లోనూ పేరుకుంటుంది. పరీక్ష సులువు. ఇంజను బాగా వేడెక్కాక ఆపి, ఫ్యాను ప్లగ్గు పీకేసి (అది తనంతట తానే తిరగవచ్చు, వేళ్లు జాగ్రత్త), రేడియేటర్ మీద ఒక చివర నుంచి మరో చివరకు చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. చుట్టూ వేడిగా ఉండి ఒకచోట మాత్రం చల్లగా తగిలితే అక్కడ పూడుకుపోయింది. రెక్కలను గోరుతో తాకితే పొడిగా రాలిపోతున్నా దాని పని అయిపోయినట్టే.

మూడోది ఎవరికీ రాకూడదు గానీ, చూసుకోక తప్పదు. ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి. నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తున్నా, డిప్‌స్టిక్ (ఇంజను ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద నూనె పాలు కలిపిన టీ రంగులో ఉన్నా హెడ్ గాస్కెట్, అంటే ఇంజను పైభాగమైన హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలు, పోయి ఉండవచ్చు. 800 ఇంజను హెడ్ అల్యూమినియంది, బాగా వేడెక్కితే వంగుతుంది. అటువంటప్పుడు ఎంత మంచి రేడియేటర్ వేసినా డబ్బు దండగ. వేడి ఇంజను మీద మాత్రం మూత ఎప్పుడూ తీయకండి. 0.9 అని ముద్ర ఉన్న మూత లోపల బయటి గాలి కంటే దాదాపు 0.9 బార్ ఎక్కువ ఒత్తిడి నిలబెడుతుంది కాబట్టి నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీసిన మరుక్షణం మరిగి ముఖం మీదకు చిమ్ముతుంది. అసలు ఆ మూత రబ్బరు పాడైనా కారు వేడెక్కుతుంది, ముందు దాన్ని మార్చి చూడండి.

ఇక మా కథ. మే నెలలో నలుగురం హైదరాబాద్ వెళ్తుంటే చిల్లకల్లు టోల్‌గేట్ దాటాక ముల్లు ఎరుపులోకి వెళ్లింది. బానెట్ ఎత్తితే రేడియేటర్ పై టాంకు ప్లాస్టిక్ నిలువునా చీలి ఉంది. ఇన్నేళ్ల వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసెక్కిపోతుంది. దగ్గర్లోని మెకానిక్ చవకగా దొరికే కొత్తది తెప్పించి బిగించాడు, పైగా థర్మోస్టాట్ వాల్వు (ఇంజను వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌లోకి పోనివ్వనిది) పీకేసి "ఇక వేడెక్కదు" అని భరోసా ఇచ్చాడు. పాత రేడియేటర్‌ను తుక్కు కింద తీసుకుంటానన్నాడు. మా నాన్నగారు ఇవ్వలేదు, డిక్కీలో వేయించారు.

ఊళ్లో ఏ ఇబ్బందీ లేదు. మళ్లీ హైవే ఎక్కితే మళ్లీ అదే ముల్లు. చివరికి ఆటోనగర్‌లో రేడియేటర్ పని మాత్రమే చేసే ఒక పెద్దాయన దగ్గరికి పాతదాన్ని కూడా పట్టుకెళ్లాను. ఆయన కొత్తదాన్ని విప్పించి, రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, స్కేలు తెచ్చి నన్నే లెక్కపెట్టమన్నారు. పాతదానిలో అంగుళానికి 15 రెక్కలు ఉన్నాయి. కొత్తదానిలో 10. అడ్డంగా లెక్కపెడితే గొట్టాలు కూడా నాలుగు తక్కువ. బయటి కొలతలు, బిగించే చెవులు, పైపుల మూతులు అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకటే. "డబ్బా ఒకటే బాబూ, లోపల సరుకు తగ్గించారు" అన్నారాయన. ఆ రోజు నుంచి నేను ఏ రేడియేటర్‌ను చూసినా ముందు రెక్కలే చూస్తాను.

రాగి సంగతి. రాగి అల్యూమినియం కంటే సుమారు 1.7 రెట్లు బాగా వేడిని ప్రసరింపజేస్తుంది, నిజమే. కానీ రాగి రేడియేటర్‌లో రాగి ఉండేది రెక్కల్లోనే, గొట్టాలు ఇత్తడివి, మధ్యలో అతుకు సీసం, తగరం కలిసిన టంకం. అల్యూమినియం గొట్టాలను వెడల్పుగా చేయవచ్చు కాబట్టి రెక్కలకు ఆనే చోటు పెరుగుతుంది, ఆ తేడా చాలావరకు పూడిపోతుంది. రాగిదానికి అసలైన గొప్పతనం మరమ్మతులో ఉంది. మా మేనమామ అంబాసిడర్ రేడియేటర్‌ను టాంకు విప్పి, గొట్టాల్లో సన్నని బద్దలు దూర్చి శుభ్రం చేశారు. కొన్నేళ్లకు పాత ఇత్తడి టాంకులే ఉంచి కోర్ ఒక్కటీ మార్చారు. మీ ఊళ్లో అటువంటి పనివాడు ఉండి, మీ కారులో ఇప్పటికే రాగిది ఉంటే దాన్ని వదులుకోకండి. లేదంటే 800కు అల్యూమినియందే తీసుకోండి. కంపెనీ విడిభాగం దొరికితే మరీ మంచిది. దొరక్కపోతే కోర్ దానికి సమానంగా ఉన్న పేరున్న తయారీ తీసుకోండి. నేను చివరికి వేయించింది అదే, నాలుగు వేసవులుగా ముల్లు సగం దాటలేదు.

షాపులో మీది పాత కార్బురేటర్ మోడలా, పెట్రోలును ఇంజెక్టర్లతో పంపే ఎంపీఎఫ్ఐనా, ఏసీ ఉందా లేదా అన్నది స్పష్టంగా చెప్పండి. ఏసీ ఉంటే ముందున్న కండెన్సర్‌కూ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలి) రేడియేటర్‌కూ మధ్య చేరిన దుమ్ము, పురుగులు ఈ పనిలోనే కడిగించండి, మళ్లీ ఆ సందు అందదు.

థర్మోస్టాట్ తిరిగి పెట్టించండి. అది లేకపోతే ఉదయం పూట ఇంజను త్వరగా వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కొత్తదాన్ని వంటింట్లో పరీక్షించాను: గిన్నెలో నీళ్లు, దారంతో వేలాడదీసిన వాల్వు, పక్కన థర్మామీటరు. దాని మీద ముద్రించిన 82 డిగ్రీల దగ్గర చిన్న గీతలా తెరుచుకుని, నీళ్లు మరిగేసరికి పూర్తిగా విచ్చుకుంది. తెరుచుకోనిది దొరికితే అక్కడే తెలిసిపోతుంది.

ముందే నీళ్లు కలపని కూలెంట్, బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ చెరిసగం కలిపి పోయండి, బోరు నీళ్లు ఒక్క చెంబు కూడా వద్దు. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. నేల మీద ఒలికితే వెంటనే కడిగేయండి, పిల్లలు, కుక్కలు నాకే ప్రమాదం ఉంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే మూత తీసి ఉంచి, ఫ్యాను ఒకసారి తిరిగి ఆగేదాకా ఇంజను ఆడిస్తే లోపలి గాలి బయటికి వస్తుంది. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు మట్టం చూసి తగ్గినంత పోయండి.

పాత రేడియేటర్‌ను మాత్రం కొత్తదానితో ఒకసారి హైవే మీద వెళ్లి వచ్చేదాకా ఎవరికీ ఇవ్వకండి. బిగించే ముందు రెండూ పక్కపక్కన పెట్టి, స్కేలుతో రెక్కలు మీరే లెక్కపెట్టండి.