చిన్న కంపెనీ తన టెక్నాలజీని ఎంతవరకు దాచుకోవాలి?

"మా స్టార్టప్ బోరు మోటార్లకు ఒక కంట్రోలర్ తయారుచేసింది. వచ్చే నెల వ్యవసాయ ఎగ్జిబిషన్‌లో పెడుతున్నాం. ఎవరూ కాపీ కొట్టకుండా ఏం చేయాలి? పేటెంట్ తీసుకుంటే సరిపోతుందా?" అని అడిగారు. ఈ లైన్‌లో చాలాకాలం పనిచేసినవాడిగా చెబుతున్నాను. మీ భయంలో న్యాయం ఉంది. కానీ చిన్న కంపెనీలను కాపీ కొట్టేవాళ్ల కంటే ఎక్కువగా ముంచేది, అన్నీ దాచేయాలన్న ఆత్రమే.

నేను ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీ మొబైల్ స్టార్టర్లు చేసేది. రైతు ఇంటి నుంచి ఫోన్ చేస్తే పొలంలో త్రీ ఫేజ్ మోటారు ఆన్ అవుతుంది. ఒక ఫేజ్ పోయినా, బోరులో నీళ్లు అయిపోయినా దానంతట అదే ఆగిపోతుంది. అర్ధరాత్రి కరెంటొస్తే టార్చి పట్టుకుని పాములూ పురుగుల మధ్య పొలానికి పోయే బాధ తప్పించిన పెట్టె అది. అలాంటి వస్తువు చేస్తున్నామని గర్వంగా ఉండేది.

నేను చేరేటప్పటికే అక్కడ కాపీ భయం బాగా ముదిరింది. బోర్డు తయారయ్యాక ఒక కుర్రాడు బల్ల దగ్గర కూర్చుని మేం ఏ చిప్ వాడామో తెలియకుండా, మెయిన్ చిప్ మీదున్న నంబరును ఎమరీ పేపర్‌తో అరగదీసేవాడు. రోజంతా అదే పని, వేళ్ల నిండా నల్లటి పొడి. వైరింగ్ బొమ్మ మెకానిక్‌లకు ఇవ్వకూడదని రూలు. ఏ చిన్న రిపేరుకైనా పెట్టె కంపెనీకే రావాలి.

ఏడాది తిరక్కుండానే నకలు మార్కెట్లోకి దిగింది. విప్పి చూస్తే అచ్చం మా బోర్డే. ఒక కనెక్టర్ పక్కన మేం ముద్రించిన పేరులో అక్షరం తప్పుండేది, అది కూడా అలాగే దిగింది! చిప్ పైన నంబరైతే గీకేశారు గానీ, లోపలి ప్రోగ్రామ్‌ను బయటివాళ్లు చదవకుండా వేసే లాక్‌ను ప్రొడక్షన్‌లో ఎవరూ వేయలేదు. ఆ సదుపాయం చిప్‌లోనే ఉంటుంది, పైసా ఖర్చు లేదు.

అంతకంటే నన్ను బాధపెట్టింది ఇంకోటి. ఊళ్లలో మోటారు మెకానిక్‌లు ఆ నకలునే కొనిపించారు. ఎందుకని నల్లగొండ వైపు ఒకతన్ని అడిగితే, ఏం మాట్లాడకుండా దాని మూత తీసి చూపించాడు. మూత లోపల తెలుగులో వైరింగ్ బొమ్మ అంటించి ఉంది. ఏ వైరు కాంటాక్టర్‌కి పోవాలి, ఏది స్టాప్ బటన్‌కి, రిలే పోతే ఏ నంబరుది వేయాలి, అన్నీ ఉన్నాయి. "సార్, మీదాంట్ల ఏం చెడిందో నాకు తెల్వది. పంటకు నీళ్లాగితే రైతు నన్నంటడు, మీ కంపెనీనంటడా?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

అన్నీ దాచడం కంటే కొంత బయటపెట్టడమే మేలని పెద్ద కంపెనీల కథ చూసినా తేలుతుంది. లింక్‌సిస్ అనే కంపెనీ అమ్మిన డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లో (ఇంట్లో ఇంటర్నెట్ పంచే పెట్టె) లినక్స్ అనే, ఎవరైనా వాడుకోగల ఉచిత సాఫ్ట్‌వేర్ ఉందని 2003లో బయటపడింది. లినక్స్‌ను వాడుకోవడానికి ఉన్న జీపీఎల్ అనే లైసెన్స్ షరతు ప్రకారం ఆ సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రామ్) కొన్నవాళ్లకు ఇవ్వాలి, ఒత్తిడి వచ్చాక ఇచ్చారు. దాని మీద ఔత్సాహికులు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లాంటి సొంత రౌటర్ సాఫ్ట్‌వేర్‌లు కట్టుకున్నారు. తర్వాత కంపెనీ ఆ మోడల్‌లో లినక్స్ తీసేసి మెమరీ తగ్గించింది గానీ, అడిగేవాళ్లు ఉన్నారని 2005లో లినక్స్‌తోనే జీఎల్ అని విడిగా ఒక మోడల్ అమ్మింది. 2014లో ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ టెస్లా, తన పేటెంట్లను సద్భావంతో వాడుకునేవాళ్ల మీద కేసులు వేయనంది. ఆ మాటకున్న షరతులు చదవండి: టెస్లా మీద పేటెంట్ కేసు వేసినవాడికీ, టెస్లా వస్తువుల నకళ్లు అమ్మేవాడికీ అది వర్తించదు. పంచుకోవడమంటే అలా గీత గీసి పంచుకోవాలి.

ఇక పేటెంట్ సంగతి. మన పేటెంట్ల చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం ఒట్టి కంప్యూటర్ ప్రోగ్రామ్‌కీ, అల్గారిథమ్‌కీ పేటెంట్ రాదు. మీ ప్రోగ్రామ్‌కు కాపీరైట్ రాసిన రోజే దానంతట అదే వస్తుంది. డ్రై రన్ (నీళ్లు లేకుండా మోటారు తిరగడం) పట్టుకోవడానికి మీరు నిజంగా కొత్త సర్క్యూట్ పద్ధతి కనిపెట్టి ఉంటే దానికి దరఖాస్తు చేయండి. వస్తే దరఖాస్తు వేసిన రోజు నుంచి 20 ఏళ్లు మీది. అయితే మామూలుగా 18 నెలలకు దరఖాస్తు లోకానికంతటికీ కనిపిస్తుంది, కాబట్టి రహస్యంగా ఉంచాల్సినదాన్ని అందులో పెట్టొద్దు. పెట్టె పేరుకు ట్రేడ్‌మార్క్, ఆకారానికి డిజైన్ రిజిస్ట్రేషన్ తప్పకుండా చేయించండి. నకలు మీద పోరాడేటప్పుడు ముందు అక్కరకొచ్చేవి అవే. చిప్‌కు లాక్ వేయండి. వైరింగ్ బొమ్మ మాత్రం మూత మీదే అంటించండి, తెలుగులో.

ఉద్యోగుల చేత "మూడేళ్లు పోటీ కంపెనీలో చేరను" అని రాయించుకోమని మీకెవరో ఒకరు సలహా ఇస్తారు. ఇది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మన కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ముందు, ఉద్యోగం మానేశాక అలాంటి షరతు చెల్లదు. ఎక్కడో అమెరికా అగ్రిమెంట్ చూసి దించిన ఆ కాగితాలతో పిల్లల్ని బెదిరించడం తప్ప ఒరిగేదేమీ లేదు. రహస్యాలు బయటపెట్టకూడదన్న ఒప్పందం వేరు, అది రాయించుకోండి. రాసిన కోడ్ కంపెనీదే అన్న మాట కూడా అందులో స్పష్టంగా ఉండాలి. బయటివాళ్లకు కాంట్రాక్ట్ మీద పని ఇస్తే మరీ ముఖ్యం.

ఎగ్జిబిషన్ వచ్చే నెల అన్నారు కాబట్టి ముందు చేయాల్సింది ఒకటుంది. పేటెంట్ ఆలోచన ఉంటే స్టాల్ పెట్టకముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి. జనానికి చూపించేశాక వేస్తే కొత్తదనం లేదని కొట్టేసే ప్రమాదం ఉంది. మన రెండు రాష్ట్రాలకూ చెన్నై పేటెంట్ ఆఫీసే, ఆన్‌లైన్‌లో వేసేయొచ్చు. పూర్తి దరఖాస్తుకు ఆ తర్వాత 12 నెలలు గడువు ఉంటుంది.